పలచటి పాలు, పాకిన రాముడు

మా ఆవిడ శ్రీకాళహస్తి వైపు కలంకారీ ఇంటి పిల్ల. పెళ్ళై ఢిల్లీ సర్కారు క్వార్టర్‌కు వచ్చాక ఇరవై ఏళ్ళు కలం ముట్టలేదు. మొన్నీమధ్య కాలనీలోని తెలుగువాళ్ళు సీతారామ కల్యాణానికి వేదిక వెనక కట్టడానికి పట్టాభిషేకం తెర గీసిపెట్టమని అడిగారు. "వస్తుందో రాదో. ఈ ఒక్కటి గీసి చూస్తా. రాకపోతే ఇక ఆశ పెట్టుకోను" అంది.

ఆనాటి నుంచి నా నడుం నాది కాదు. పాత ఢిల్లీ నుంచి కరక్కాయలు మోశాను. సంచీ బరువు సుమారు ఒక చిన్న ఏనుగంత. తుప్పు మేకులూ బెల్లమూ నీళ్ళలో వేసి నల్లరంగు కోసం బాల్కనీలో కుండ పెట్టింది. మూడు వారాలు పులిసేసరికి ఆ వాసనకు పావురాలు గుర్గావ్ వలస పోయాయి. పక్కింటి ఆంటీ ముక్కు మూసుకుని, "భాయీ సాబ్, ఘర్ మే కోయీ మర్ గయా క్యా?" అంటూ, ఇంట్లో ఎవరో పోయారనుకుని పరామర్శకు వచ్చింది.

ఇక మిగిలింది గేదె పాలు. కరక్కాయ పొడి కలిపిన చిక్కటి పాలలో గుడ్డ నానితేనే గీత నిలుస్తుంది. పాలలో వెన్న లేకపోతే రంగు పాకిపోతుంది. ఇది మా ఆవిడ నాకు నూటపదహారు సార్లు చెప్పింది.

ఆఫీసు నుంచి కాళ్ళీడ్చుకుంటూ డెయిరీకి వెళ్తే, "ఖతమ్ హో గయా అంకుల్‌జీ, సుబే ఆనా" అని డెయిరీవాడు ఖాళీ క్యాన్లు బోర్లించాడు. పొద్దున్నే మళ్ళీ అంత దూరం! కాళ్ళు ఒప్పుకోలేదు. మూలమీది కొట్లో వెన్న తీసిన ప్యాకెట్ పాలు కొని, మెట్ల కింద నిలబడి క్యాన్‌లో పోశాను.

"పలచగా ఉండాయే?" అంది.

"ఢిల్లీ గేదెలు కదా, డైటింగ్‌లో ఉన్నాయి."

నవ్వింది. నమ్మింది.

గుడ్డ ఆరాక రాముడి విల్లు గీసింది. వెంట్రుకంత గీత చూస్తుండగానే కొండచిలువంత అయింది. ఇంకో మూల మెల్లగా, ఊపిరి బిగబట్టి సీతమ్మ ముక్కు గీసింది. అదీ చెవిదాకా పాకింది. మా ఆవిడ చాలాసేపు తన వేళ్ళ వంకే చూసుకుంది.

"చెయ్యి పోయింది. వాళ్ళకు ఫ్లెక్సీ కొట్టించుకోమని చెప్పేయండి."

కలాలు పాత పేపర్లో చుట్టి బీరువా మీద పడేసింది. రెండు రోజులు ఇంట్లో ఉప్పులేని పప్పు. కారణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా తలొంచుకుని ఆ పప్పే తిని ఆఫీసుకు పోయాను. ఆఫీసులో ఫైళ్ళ మీద కూడా ఆ విల్లే పాకుతూ కనిపించింది.

మూడోనాడు తను ఆ గుడ్డను కత్తిరించి మసిగుడ్డలు చేయబోతుంటే అంచు పట్టుకున్నాను.

"అవి గేదె పాలు కావు. ప్యాకెట్వి."

కత్తెర ఆగింది. ఆకాశం విరిగి మీద పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"అంటే... నా చెయ్యి కాదా?"

"కాదు. నా కాళ్ళు."

"రెండు దినాలు నేను ఏడుస్తా ఉంటే చూస్తా కూర్చున్నారే! మనిషేనా మీరు?" గొంతు గట్టిగానే ఉంది, కానీ చూపు బీరువా మీదికి పోయింది. "స్టూలెక్కి నా కలాలు దించండి. రేపు పొద్దున నేనూ వస్తా. మిమ్మల్ని నమ్మను, గేదెను నమ్ముతా."

తెల్లారి డెయిరీలో పాలు పితుకుతుంటే పక్కనే నిలబడి, రెండు చుక్కలు వేళ్ళ మధ్య రుద్ది చూసి తలూపింది. అక్కడున్న గేదెలన్నీ నన్నే అదోలా చూశాయి.

కొత్త గుడ్డ ఆరింది. విల్లు గీసింది. గీత కదల్లేదు. తను నా వైపు చూడకుండానే, "రంగులద్దినాక గుడ్డ మళ్ళీ పాలల్లో నానాల. రోజూ పొద్దున్నే క్యాన్ తీసుకుని పదండి. ఆ కరక్కాయలు కూడా దంచండి" అంది.

ఏనుగంత సంచీలో ఇంకా ముప్పాతిక భాగం అలాగే ఉంది. రోలు ముందు కూలబడ్డాను.