బొటనవేలి మీద బొబ్బ

మా మేనత్తకు మేం పెట్టిన పేరు భయాలత్త. తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. కుక్కర్ మూతలోంచి ఆవిరి ధారగా బుస్సుమని వచ్చేదాకా వెయిట్ పెట్టనివ్వదు. "ముందు గాలి పోనీవే తల్లీ" అంటుంది. ఈవిడ చాదస్తంతో చచ్చిపోతున్నామని నేను విసుక్కునేదాన్ని.

ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఆసుపత్రిలో ఆపరేషన్ బట్టలకు ఆవిరి పట్టడం. బట్టలు సర్దే స్టీలు డబ్బాలను డ్రమ్ములంటారు. డ్రమ్ము చుట్టూ చిల్లులు, వాటిమీద జరిగే పట్టీ. పట్టీ జరిపి చిల్లులు తెరిచి యంత్రంలో పెట్టాలి, బయటికి తీయగానే మూసేయాలి.

"ఆవిరి చల్లటి బట్టను తాకి నీరైతేనే తన వేడంతా దానికిచ్చేస్తుంది. గాలి నీరవదు. చిల్లులు మూసుంటే లోపలే ఉండిపోయి, బట్టలకు దుప్పటి కప్పినట్టు అడ్డం కూర్చుంటుంది. బయట ముల్లేమో ప్రెషర్ నిండుగా ఉందంటుంది. లోపల క్రిమి మాత్రం చావదు" అని చెప్పేది. నేను సగం వినేదాన్ని.

నా కాన్పు ఆ ఆసుపత్రిలోనే. పొద్దున్నే నొప్పులొచ్చాయి. అత్త డ్రమ్ములు సర్దుతూ సర్దుతూ ఫోనులో నాకు ధైర్యం చెప్పింది. మధ్యాహ్నానికి బిడ్డ గుండె నెమ్మదిస్తోందని నన్ను బల్ల మీదికి చేర్చారు. వెన్నులో సూది వేశారు. నడుము కింద ఒళ్లు నాది కాకుండా పోయింది, చెవులు మాత్రం పనిచేస్తున్నాయి.

అత్త బయట బెంచీ మీద కూర్చుని ముఖం తుడుచుకుందట. పట్టీ మూయడానికి తొడుగుతో పట్టు దొరకదని రోజూ కుడి బొటనవేలితోనే నొక్కుతుంది. రోజూ చురుక్కుమంటుంది. ఆ రోజు వేలు చల్లగా ఉంది. వేలు కాలలేదంటే పట్టీ మూయలేదు. కానీ డ్రమ్ము మూసి ఉండే థియేటర్‌లోకి వెళ్లింది. అంటే అసలు తెరవనేలేదు. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి.

తలుపు దబదబా మోగింది.

"ఆ డ్రమ్ము వాడకండి! నేను చిల్లులు తెరవలేదు!"

"టేపు నల్లబడిందిగా అమ్మా, చూడు" అంది నర్సు.

"అది పైన అంటించిన టేపు, పైవేడికే నల్లబడుతుంది. బట్టల మధ్యలో చీటీ ఉంటుంది, లోపలికి ఆవిరి తగిలితేనే నల్లబడుతుంది, అది చూడండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"బిడ్డకి టైం లేదు!" అని డాక్టరమ్మ అరిచింది.

నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన అత్త మీద అసహ్యం వేసింది. నా బిడ్డ చచ్చిపోతుంటే ఇప్పుడు కూడా తాళం లాగి చూస్తోంది అనుకున్నాను.

నర్సు బట్టలు లాగి చీటీ బయటికి తీసింది. పెట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది. పక్క థియేటర్ నుంచి ఇంకో డ్రమ్ము తెచ్చి, దాని చీటీ నల్లబడిందని చూసుకునేసరికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు నేను గోడ గడియారం వైపే చూస్తూ ఉన్నాను. బిడ్డ పుట్టింది. వెంటనే ఏడవలేదు. తర్వాత ఏడ్చింది.

కుట్లు వేశాక డాక్టరమ్మ తలుపు దగ్గరికెళ్లి అడిగింది. "మరి నిన్నటివి?"

అత్త బొటనవేలు చూపించింది. కొన మీద చిన్న బొబ్బ. "ఇది నిన్నటిది మేడమ్. మూశాను. నిన్న తెరిచే పెట్టాను."

"నిన్న ఆరుగురి ఆపరేషన్లకు ఆరు డ్రమ్ములు వాడాం. బొబ్బ ఒక్కటేగా?"

అత్త వేలు ముడుచుకుని వార్డు వైపు నడిచింది.

ఆ ఆరుగురి మంచాల దగ్గరికీ రోజూ పొద్దున, సాయంత్రం వెళ్లి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసేది. వాళ్లకు ఆవిడెవరో తెలియదు. ఎవరో దయగల ఆయమ్మ అనుకున్నారు. నా గది అదే వరండాలో ఉన్నా ఒక్కసారీ లోపలికి రాలేదు.

ఎనిమిదో రోజు ఆరో మనిషి కూడా నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అత్త వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని, నా కూతుర్ని మొదటిసారి ఎత్తుకుంది.