ఖాళీగా వచ్చిన గాలం

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, తొలకరి రోజుల్లో, నన్ను చేవెళ్లలో మత్స్య అభివృద్ధి అధికారిగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ పని అంతా చెరువు గట్ల మీదే. ప్రభుత్వం ఏటా ఇచ్చే చేపపిల్లలను ఏ చెరువులో వదలవచ్చో చూసి పై అధికారికి చెప్పాలి. మేం వద్దంటే ఆ ఊరి మత్స్యకారుల సంఘానికి ఆ ఏడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

చేరిన పదో రోజునే కనకమామిడి దగ్గర ఒక చెరువులో చేపలు చచ్చి తేలుతున్నాయని తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. మరునాడు ఆ చెరువుకు చేపపిల్లల లారీ రావాలి. జబ్బేమో తెలియాలంటే బతికున్న చేప కావాలి, చచ్చినదాని మొప్పలు త్వరగా రంగు మారిపోతాయి. వల వేద్దామంటే నీళ్ల అడుగున తుమ్మ మోళ్లు. అలాంటి చోట గాలం వేసి నాలుగైదు చిన్న చేపలు, ఎక్కువగా జిలేబీలనే రకం, పట్టి చూస్తాం. అసలు చేప ఎర ముట్టకపోతే అదీ ఒక లక్షణమే. జబ్బు చేసిన చేప ముందు తిండి మానేస్తుంది.

నా గాలం కర్ర సిటీలో కొన్నది. నల్లగా, నిగనిగలాడుతూ, బొటనవేలంత లావు. అధికారి చేతిలో వెదురు కర్ర ఏం బాగుంటుందని నా బడాయి. అంతకు ముందు ఏడాది షాబాద్ వైపు పనిచేసినప్పుడు ఒక చెరువులో దాన్నే వాడాను. పూటంతా కూర్చున్నా ఒక్క చేప పడలేదు. జబ్బు అనుమానం అని రాసి, అక్కడ పిల్లలను వదలనివ్వలేదు.

కనకమామిడిలోనూ అదే తంతు. పొద్దున ఏడింటి నుంచి పదిన్నర దాకా గాలం వేస్తూనే ఉన్నాను, కర్ర కొస కదల్లేదు. పదకొండింటికల్లా నేను ఏదో ఒకటి తేల్చకపోతే మరునాటి లారీ వేరే చెరువుకు పోతుంది. గట్టు మీద సంఘం అధ్యక్షుడు నర్సింహులు, అతని వెనక సభ్యులు. అందరి చూపూ నా కర్ర కొస మీదే. వాళ్లు నన్ను తిట్టినా బాగుండు అనిపించింది. వదలమంటే, నిజంగా జబ్బు ఉంటే, లారీడు పిల్లలు చస్తాయి. వద్దంటే వీళ్ల ఏడాది పోతుంది. చివరికి పెన్ను తీసి, ఎర ముట్టడం లేదు అని రాస్తూ నర్సింహులుకు అదే చెప్పాను.

నర్సింహులు తల్లి బాలవ్వ పొద్దుటి నుంచి నా పక్కనే కూర్చుని, గాలం పైకి తీసినప్పుడల్లా వానపామును గుచ్చి ఇస్తోంది. ఎర నాని ఊడిపోతోందనుకుని నేను పట్టించుకోలేదు. నా మాట విని ఆమె తలెత్తింది.

"చాపలు తింటలేవంటున్నవు సారూ. మరి నేను గుచ్చిన ఎర్రలన్నీ యాడికి పోతున్నయి?"

రాస్తున్న పెన్ను ఆపాను. ఆమె కొడుకును పంపి, గట్టు కిందే ఉన్న ఇంటి నుంచి తన గాలం తెప్పించి నా చేతికిచ్చింది. చిటికెన వేలంత సన్నటి వెదురు, వెంట్రుకలాంటి దారం, జొన్న దంటు బెండు. వేసిన కాసేపటికే బెండు రెండుసార్లు అదిరి మునిగింది. నేను ఒక్క ఊపున లాగబోయాను.

"జర మెల్లగ సారూ, దాని మూతి చినుగుతది," అంది బాలవ్వ.

అరచేయంత జిలేబీ. మొప్పలు ఎర్రగా ఉన్నాయి, ఒంటి మీద జిగురు చెదరలేదు. పదకొండు లోపల ఐదు పట్టాం, ఐదూ ఆరోగ్యంగా ఉన్నాయి. నీటి పరీక్షలో మాత్రం ప్రాణవాయువు తక్కువ వచ్చింది. మూడు రోజులు ముసురు పట్టడంతో కొన్ని చేపలు ఊపిరాడక చచ్చాయి. ఎండ కాస్తే అదే సర్దుకుంటుంది. మరునాడు మధ్యాహ్నం నీళ్లు మళ్లీ చూసి పిల్లలను వదలొచ్చని, పదకొండుకే పై అధికారికి ఫోన్ చేశాను.

చిన్న చేప కొరుకుడు చాలా తేలిక. కర్ర సన్నగా ఉండి కొస మెత్తగా వంగితేనే అది చేతికి అందుతుంది. లావు కర్ర ఐదు కిలోల బొచ్చె చేపను ఆపడానికి పనికొస్తుంది. జిలేబీ దాని కింద ఎర తిని వెళ్లిపోయినా మనకు తెలియదు. ఇంత చిన్న సంగతి అన్నేళ్ల సర్వీసు తర్వాత తెలిసింది.

గట్టు మీద అందరి ముఖాలూ తేలికపడ్డాయి. నాకు మాత్రం షాబాద్ గుర్తొచ్చింది. అక్కడా గాలం ఖాళీగానే వచ్చేది.

ఆ వారమే అక్కడి అధికారిని వెంటబెట్టుకుని వెళ్లి, సంఘం వాళ్లను కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. చెరువుకు జబ్బు ఉందో లేదో నిరుడు నేను సరిగా చూడలేదని ఒప్పుకున్నాను. వాళ్ల పెద్దమనిషి ఒక్కటే అడిగాడు.

"అయ్యిందేదో అయ్యింది. ఈ యేడు గాలం ఎవరేస్తరు సారూ?"

మీరే వేయండి, నేను చూస్తాను అన్నాను.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, ఎర ముట్టడం లేదని రాయాల్సి వచ్చినప్పుడల్లా, ఎలాంటి కర్ర వాడామో, ఎవరు వేశారో, పైకి తీసినప్పుడు గాలానికి ఎర ఉందో లేదో కూడా రాశాను. మా ఫారంలో దానికి గడి లేదు. అంచున రాసేవాణ్ణి.