నల్లకాగితం విప్పిన సీసా

ఇద్దరు బిడ్డలు పుట్టిన మూడోనాటికే ఒళ్లంతా పసుపెక్కి చనిపోయారు. నా రక్తానికీ మా ఆయన రక్తానికీ పొసగదని, ఆ పోరంతా కడుపులోని బిడ్డ మీద పడుతుందని జమ్మలమడుగు డాక్టరమ్మ చెప్పింది. మూడోసారి ఏడో నెల నిండగానే పొట్టలో సూది గుచ్చి ఉమ్మనీరు తీసింది. అందులో పసుపు ఎంతుందో మద్రాసు ల్యాబులో చూస్తారు. ఎక్కువుంటే ముందే కాన్పు చేయాలి, ఆలస్యమైతే ఈ బిడ్డా దక్కదు. సీసాకు నల్లకాగితం చుట్టి, విప్పొద్దని మా ఇద్దరికీ చెప్పింది. ఎందుకో చెప్పలేదు, మేమూ అడగలేదు.

ప్రొద్దుటూరులో ఇంటికొచ్చాక, ఎర్రగుంట్లకు పోయి మద్రాసు రైలెక్కే ముందు ఆయన స్నానానికి పోయాడు. మా అత్త సీసా చూసింది.

"కడుపులో బిడ్డ నీళ్లకు నల్లది సుడతారా యాడన్నా?" అని కాగితం విప్పేసింది. పుట్టిన బిడ్డ బుగ్గన ఇంత దిష్టిచుక్క పెట్టే మనిషే. ఆ నలుపు వేరు, ఈ నలుపు వేరట. గుడ్డముక్కను పసుపునీళ్లలో ముంచి, అది ఆరేదాకా సీసాతో సహా ఎండలో అరుగు మీద పెట్టి, ఆరాక సీసాకు చుట్టింది. నేను మంచం మీది నుంచి చూస్తూనే ఉన్నాను. వద్దని నోటిదాకా వచ్చింది. బస్సు కుదుపులకు ఒళ్లు పులిసిపోయి ఉంది. అదీగాక ఆ నల్లకాగితం నాకూ నచ్చలేదు. ఊరుకున్నాను. ఆయన తల్లి మాటకు ఎదురు చెప్పే రకం కాదు, పసుపుగుడ్డ సీసానే సంచిలో పెట్టుకుపోయాడు.

వారానికి జవాబొచ్చింది. పసుపు తక్కువే, భయం లేదట. మా అత్త వేంపల్లె బస్సెక్కి, గండి గుడిలో టెంకాయ కొట్టొచ్చింది.

డాక్టరమ్మ మాత్రం ముఖం ముడిచింది. రక్తపరీక్ష ఒకటి చెబుతోంది, మద్రాసు కాగితం ఇంకొకటి చెబుతోంది అంది. వెలుతురు తగిలితే ఆ పసుపు విరిగిపోయి, ఉన్నది లేనట్టు కనబడుతుందట. నల్లకాగితం ఎవరు విప్పారని అడిగింది. పక్కన బల్ల మీద మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

"నేనే విప్పినా" అన్నాను.

తిట్లు తిన్నాను, మళ్లీ సూదీ తిన్నాను. ఈసారి మా అత్త తన గొడుగుగుడ్డ కోసి సీసాకు నాలుగు చుట్లు చుట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కొడుకుతో తానే మద్రాసు పోయింది. ఆలస్యం చేయొద్దని తంతి వచ్చింది. నన్నూ అక్కడికే తీసుకుపోయి, ఎనిమిదో నెలలోనే కాన్పు చేసి బిడ్డకు రక్తం మార్చారు. బతికింది.

ఉయ్యాల దగ్గర మా అత్త నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నా తప్పు నీ నెత్తినేసుకుంటివి. కడుపున పుట్టింది గూడా ఇంత సేయదు మే" అంది.

ఆ తర్వాత ఆమె పోయేదాకా, ముప్పై ఏళ్లు, ఆ ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. అది నా ప్రేమ అనుకుంది. ప్రేమ కాదు, అలసట. డాక్టరమ్మ ముందు నిజం చెబితే ఇంట్లో మొదలయ్యే ఏడుపులూ అలకలూ మోసే ఓపిక నాకు లేదు. పైగా విప్పొద్దన్న సంగతి ఆ రోజు ఆమెకు తెలియదు, నాకు తెలుసు; తెలిసే చూస్తూ ఊరుకున్నాను. ఆ ఒక్క మాట ఆమెకు చెప్పే ఓపిక ముప్పై ఏళ్లలో నాకు రాలేదు.