బాణం చెరిపి దారి గీసిన మేష్టారు

మా డ్రాయింగు మేష్టారు పోయారని మొన్న హుకుంపేట నుంచి వచ్చిన జీపు డ్రైవరు చెప్పాడు. బండి ఆపనైనా ఆపలేదు. "ఆయమ్మా, మీ బొమ్మల మేష్టారు తెల్లారగట్ల నిద్దర్లోనే పోయారంట" అని అరిచి మలుపు తిరిగిపోయాడు. నేను గుడ్ల ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందు ఏడుపు రాలేదు, బెంగొచ్చింది. ఒంటరి మనిషి కదా, తలుపు గడియ వేసుకుని పడుకునేవారు. ఎవరు తీశారో, ఎంతసేపటికి చూశారో.

నాకు బెంగలు ఎక్కువ. గ్యాసు కట్టానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. వాన పడితే గెడ్డ పొంగుతుందని బెంగ, పడకపోతే చోళ్ళ చేను ఎండిపోతుందని బెంగ. ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు. నన్ను కూర్చోబెట్టి మరీ ఆ బెంగలన్నీ విన్నది మేష్టారొక్కరే. అందుకే అయిదో తరగతి చదువుతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను మా ఊరి అంగన్‌వాడీలో ఆయాని. ఆయన కిందూరి ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. విజయనగరం వేపు మనిషి. మళ్ళీ ఆ ఉక్కలో ఉండలేనని కిందూళ్ళోనే గది తీసుకుని ఉండిపోయారు. అలా ఉన్నవారు ఊరుకోకుండా కంప్యూటరులో కొత్త చదువు మొదలెట్టారు. ఇన్ఫోగ్రాఫిక్కులంట. నాకు నోరు తిరగలేదు.

"ఏటండీ అది?" అని అడిగాను.

"చాంతాడంత చెప్పాల్సింది చూడగానే తెలిసేలా బొమ్మలో సర్దడం ఆయమ్మా. చదువు రానోళ్ళకి కూడా అందాలి."

పాఠం చెప్పేది పట్నంలో ఎక్కడో ఉన్న గుంట, ఆయనకి మనవరాలి వయసుది. ఈయన ఆ గుంటని "టీచరు గారూ" అని పిలిచేవారు. క్లాసుకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చునేవారు. ఒకరోజు మొహం చిన్నబోయి ఉంటే ఏమైందని అడిగాను. "మా టీచరు గారు చివాట్లేశారు. ఒక్క కాగితం మీద నాలుగు రకాల అక్షరాలు పెట్టానంట. పెళ్ళి శుభలేఖలా ఉందంట" అని, చెప్తూనే నవ్వేశారు.

గీసిందల్లా తెచ్చి నాకు చూపించేవారు, ఎక్కువగా కడుపుతో ఉన్నవాళ్ళ జాగ్రత్తల బొమ్మలు. చూపించి చటుక్కున తిప్పేసేవారు.

"ముందు ఏటి కనపడింది?"

"కోడిగుడ్డండి."

"అరెరే. వాచిన కాళ్ళు కదా కనపడాలి. గుడ్డు తగ్గించాలి అయితే. సరే, ఇప్పుడు నీ బెంగలు చెప్పు."

"బొమ్మలో ఈవిడ నవ్వుతా ఉంది. కష్టంలో ఉందని ఎవులనుకుంటారు?" అనేదాన్ని. "ఈ పక్కన నర్సమ్మ నడుమ్మీద చెయ్యేసుకుంది, తిడతాదేమోనని భయపడరా?" అనేదాన్ని. ఆయన కాదనేవారు కాదు. రబ్బరు తీసుకునేవారు.

ఒకసారి నన్ను అరకు సంతకి తీసుకెళ్ళారు. ఆయనకి కావలసింది అల్లం ఒక్కటే. అయినా సంతంతా తిప్పారు. "ఎండుచేపలు ఎటువేపు?" అన్నారు. చూపించాను. "దుప్పట్లు?" అటు చూపించాను. "ఎవరైనా బోర్డు పెట్టారా?" లేదన్నాను. "మరెలా తెలిసింది? ఒక రకం సరుకు ఒకచోట కూర్చుంది కాబట్టి, మధ్యలో నడవడానికి సందుంది కాబట్టి. నా కాగితంలోనూ అలాగే కూర్చోబెట్టాలి" అని ఆ రద్దీలో చేతులు ఊపుతూ చెప్పారు. చేపలమ్ముకునే ఆవిడ, "మేష్టారికి ఎండ దెబ్బ తగిలినట్టుంది, నీడకి తీసుకెళ్ళవే" అంది నాతో.

తర్వాత మా అంగన్‌వాడీ టీచరు అడిగిందని కడుపుతో ఉన్నవాళ్ళ కోసం ఒక ఫ్లెక్సీ చేశారు. కాళ్ళు వాచినా, తలనొప్పి ఆగకపోయినా, కళ్ళు మసకబారినా ఆస్పత్రికి రావాలని. వాచిన కాళ్ళు ఒక గడిలో, కడుపుతో ఉన్న మనిషి ఒక గడిలో, జీపు ఒక గడిలో, ఆస్పత్రి ఒక గడిలో. ఒకదాని నుంచి ఒకదానికి నల్లటి బాణాలు. చక్కగా ఉంది. బస్టాండులో, ఆస్పత్రిలో బాణాలు చూసి చూసి ఉన్నాను కదా, నాకు ఏ బెంగా తట్టలేదు. సెంటరు గుమ్మం పైన కట్టాము.

అప్పట్నుంచి కొండ మీదున్న పైఊరి ఆడవాళ్ళు రావడం మానేశారు. భోజనానికి రారు, బీపీ చూపించుకోవడానికి రారు. ఆ పైఊళ్ళోనే కాఫీ తోట దగ్గర నా కొడుకూ కోడలూ ఉంటారు. కోడలికి తొలి కాన్పు. "కాళ్ళకి చెప్పులు పట్టడం లేదమ్మా" అని కొడుకు మాటల్లో అనేసరికి పరుగున ఎక్కాను.

"ఏటే, సెంటరుకి ఎందుకు రాలేదు?"

"ఊరికేనే అత్తా."

"ఊరికే ఏటి? కాళ్ళు సూడు, ఎలా ఉబ్బిపోనాయో."

అది తలొంచుకుంది. పక్కింటి ముసలావిడ అందుకుంది. "ఎలాగొస్తాది? గుమ్మం మీద బాణం ఎట్టినారు. మొన కడుపుకేసే ఉంది."

"అది దారి గుర్తే అప్పా, అటెళ్ళమని."

"బాణం మాకు తెల్దేటి? ఇటుకల పండగొస్తే మా మగోళ్ళు అడివిలోకి ఏటకి ఎళ్తారు. బాణం తగిలిన జంతువు అటూ ఎళ్ళదు, ఇటూ ఎళ్ళదు. పడిపోద్ది."

కొండ దిగుతున్నంతసేపూ కోడలి గురించి ఒక బెంగ, అంత కష్టపడి చేసిన మనిషికి ఈ మాట ఎలా చెప్పాలా అని ఇంకో బెంగ. మేష్టారు మొత్తం విన్నారు. తర్వాత లేచి, "బేగి పద ఆయమ్మా, ముందు అది దింపుదాం" అన్నారు. స్టూలెక్కి తాళ్ళు ఆయనే కోశారు.

ఆయాసం మనిషి, అయినా ఆగి ఆగి పైఊరికి ఎక్కారు. మా కోడలి ముందు అరుగు మీద కూర్చుని, "అమ్మా, నేను తప్పు గీశాను. ఇక్కడి నుంచి ఆస్పత్రికి ఎళ్ళాలంటే బొమ్మలో ఎలా చూపించాలి? నువ్వు చెప్పు" అన్నారు. కోడలు సిగ్గుపడి, పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి నేల మీద వంకర టింకరగా ఒక గీత గీసింది. "దారండి" అంది. "దారి ఒక్కటే ఏత్తే మనిషేడే?" అని ముసలావిడ. కోడలు పాదాలు గీసింది. "అన్నీ కుడికాళ్ళే! కుంటుకుంటా ఎళ్తావేటే?" అని ఆడవాళ్ళంతా నవ్వారు. మేష్టారూ నవ్వి, వెంటనే అడిగారు, "అమ్మా, అదే దారిలో ఇప్పుడు మాతో వస్తావా?" కోడలు నా వేపు చూసి, చెప్పుల్లేని కాళ్ళతోనే లేచింది.

బీపీ చాలా ఎక్కువుందని, ఇంకా ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. కాన్పయ్యేదాకా అక్కడే ఉంచారు. నాకు మనవరాలు పుట్టింది.

తర్వాత మేష్టారు ఫ్లెక్సీ జోలికి పోలేదు. సెంటరు గోడ మీదే రంగులతో వేశారు. గడుల్లేవు, బాణాల్లేవు. వాచిన కాళ్ళ దగ్గర మొదలై ఆస్పత్రి దాకా ఒకటే మెలికల దారి. "మరి తలనొప్పి, కళ్ళు మసక?" అన్నాను బెంగగా. "వాటికి పక్క గోడ ఉంది కదా" అన్నారు. పక్క గోడ సగమే అయింది.

నేను వెళ్ళేలోపే ఆయన్ని వాళ్ళ అన్న కొడుకులు విజయనగరం వేపు తీసుకెళ్ళిపోయారు. ఆఖరి చూపు నాకు దక్కలేదు. నిన్న కోడలు రంగు డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ దారి మధ్యలో, ఎక్కుడు దగ్గర, ఒక రాయి వేసింది. రాయి మీద గొడుగేసుకుని అలుపు తీర్చుకుంటున్న గర్భిణిని వేసింది.

"మేష్టారి బొమ్మ మనం ముట్టుకోవచ్చంటావా?" అన్నాను.

"అక్కడ ఆగకపోతే ఎవులూ ఎళ్ళలేరత్తా. ఆయనా ఎక్కినారు గానీ, కడుపుతో ఎక్కింది నేను."

ఇవాళ పైఊరి నుంచి ఇంకో పిల్ల వచ్చింది, నెలలు నిండినది. తుంపర పడుతోంది. గోడ ముందు నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడి, ఆ రాయి మీద మనిషిని చాలాసేపు చూసింది. తర్వాత మా మెట్టు మీద కూలబడి, చెప్పులు విప్పి, వాచిన పాదాలు వాన చినుకుల్లోకి చాపుకుంది. కాసేపుండి, మళ్ళీ చెప్పులు తొడుక్కుని, ఆస్పత్రికెళ్ళే రోడ్డు వేపు దిగింది.