సువార్తమ్మ కుర్చీ

మా పక్కింటి మాస్టారు పోయారు. ఏప్రిల్ నెల, ఇక్కడి పెరళ్ళలో ఫీజోవా పండ్లు రాలే రోజులు. నేను డ్యూటీ నుంచి వచ్చి కారు దిగుతుంటే ఆయన కూతురు కంచె దగ్గర నిలబడి ఉంది. వెల్లింగ్టన్ నుంచి అప్పుడే విమానం దిగి వచ్చిందట. "నాన్న తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. మీకు నేనే చెప్పాలనిపించి నిలబడ్డాను," అంది. ఆ అమ్మాయి చేతులు పట్టుకుని అక్కడే, కంచెకు ఇటు నేను అటు ఆమె, ప్రార్థన చేసుకున్నాం. అప్పటికి నాకు ఆయన పోయిన దుఃఖమే తప్ప ఇంకేమీ లేదు. వారం తిరక్కుండా ఇంకొకటి వచ్చి చేరింది. రెండింటినీ విడదీయడం నా వల్ల కాలేదు కనుక కలిపే రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

మౌంట్ రాస్కిల్‌లో మేము ఈ ఇంట్లోకి మారిన రోజు ఆయనే ముందు పలకరించారు. పుట్టింది ఇంగ్లండ్ ఉత్తరాన ఒక మిల్లుల ఊళ్ళో. పెళ్ళైన కొత్తలో ఇక్కడికి వచ్చి, హైస్కూల్లో పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. నేను "మాస్టారూ" అంటే అర్థం అడిగి తెలుసుకుని, సార్ కంటే ఇదే బాగుందన్నారు. మా చర్చివాళ్ళు నన్ను పిలవడం విని ఆయనా నన్ను "సిస్టర్" అనే పిలిచేవారు. మా ఆయన ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మా చెత్తడబ్బాలు రోడ్డు మీదికి లాగి పెట్టింది, మా పచ్చిమిరప మొక్కలకు నీళ్ళు పోసింది ఆయనే. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా నేను వెనక్కి తీసుకోను.

ఆయన వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికే సగం పొద్దు పట్టేది. ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకోవడమే నా ఉద్యోగం కదా, లేసులు లేకుండా పట్టీ అంటించుకునే బూట్లు కొనుక్కోమని చెప్పాను.

"నన్ను మళ్ళీ కిండర్‌గార్టెన్‌కి పంపుతున్నారా సిస్టర్?" అన్నారు.

"అక్కడైతే మిమ్మల్ని చేర్చుకోరు మాస్టారూ, మాట వినరుగా," అన్నాను.

నవ్వి, మర్నాడే కొనుక్కున్నారు. ఆ తర్వాత ఆయన కాళ్ళకు ఇంకొక రకం బూట్లు నేను చూడలేదు.

గురువారం నాకు సెలవు. ఆయన వరండాలో టీ తాగుతూ కథలు వినేదాన్ని. టెంత్ పాసై ఆపేసిన నాకు బ్రిటిష్ చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, మన దేశాన్ని ఏలిన దొరలు. ఆయనకు వాళ్ళ ఊసే పట్టదు. "రాజుల సంగతి రాజులు చూసుకుంటారు సిస్టర్. మిగతావాళ్ళను ఎవరు చూస్తారు?" అనేవారు. గడియారాలు కొనుక్కోలేని మిల్లు కూలీలను లేపడానికి, పొడుగాటి గొట్టంలో ఎండు బఠానీ పెట్టి కిటికీ అద్దం మీదికి ఊదే ముసలమ్మ గురించి చెప్పారు. పాపం తినేవాడి గురించి చెప్పారు. పల్లెల్లో ఎవరైనా పోతే శవం మీద రొట్టె పెట్టి ఒక బీదవాడి చేత తినిపించేవారట. ఆ రొట్టెతో పోయినవాళ్ళ పాపాలన్నీ వాడి కడుపులోకి వెళ్తాయని నమ్మకం. తిన్నాక వాడిని ఊళ్ళోంచి తరిమేసేవారట.

"యేసయ్య ఉండగా ఆ పని ఇంకొకరికెందుకు మాస్టారూ?" అన్నాను.

"యేసయ్యకు ఆకలి వేయదు కదా సిస్టర్, వాడికి వేసేది," అన్నారు. ఆ మాటకు నాకు కోపమూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి.

ప్రతి కథ చివరా ఆయన ఒక మాట అనేవారు. "నాకెలా తెలుసంటే..." అని మొదలుపెట్టి, ఏ సమాధి రాయి మీద చదివారో, ఎవరి నోట విన్నారో చెప్పేవారు. బఠానీల ముసలమ్మ సంగతి వాళ్ళ నాయనమ్మ చెప్పిందట, ఆ కిటికీ వాళ్ళదేనట. "కథ చెప్పేవాడిని ఎలా తెలుసని అడగాలి సిస్టర్. మా పిల్లలకు నేను నేర్పిన చరిత్రంతా అదే," అనేవారు.

ఒక గురువారం ఆయన ఆయాల గురించి చెప్పారు. దొరల పిల్లలను ఓడలో చూసుకోవడానికి మన దేశం నుంచి ఆడవాళ్ళను వెంట తీసుకెళ్ళి, లండన్‌లో దిగాక అవసరం తీరిందని కొందరిని అక్కడే వదిలేసేవారట. మా అమ్మమ్మ కాకినాడ మిషను ఆసుపత్రిలో ఆయా. నేనూ ఇంకొకరి అమ్మానాన్నలకు అన్నం తినిపించి బతుకుతున్నాను.

"వాళ్ళలో మావైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా మాస్టారూ? ఒక్కరైనా?" అని అడిగాను.

ఆయన కప్పు కింద పెట్టారు. "వెతికి చెప్తాను," అన్నారు.

తర్వాతి గురువారం చెప్పారు. ఆమె పేరు సువార్త. కాకినాడ మనిషి. మద్రాసులో ఓడ ఎక్కింది. సముద్రం మీద పిల్లలకు వాంతులవుతుంటే కొంగున కట్టుకున్న శొంఠి కొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. లండన్ స్టేషన్‌లో దొరసాని పిల్లలను బండి ఎక్కించి, ఇక్కడే ఉండు వస్తానని వెళ్ళి మరి రాలేదు. చీకటి పడేదాకా తన రేకుపెట్టె మీద కూర్చుని ఉంటే ఒక చాకలామె చూసి ఇంటికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత సువార్త అక్కడే బతుకుతూ, ఓడలు వచ్చినప్పుడల్లా రేవుకు వెళ్ళి, దిక్కులేక నిలబడ్డ ఆయాలను తన గదికి తెచ్చుకునేదట.

ఆ ఒక్క కథకు ఆయన "నాకెలా తెలుసంటే" అనలేదు. నేనూ అడగలేదు. ఇంటికి పరిగెత్తినట్టే వచ్చాను.

"ఏమండీ, ఆవిడ పేరు కూడా సువార్తేనంట! మా అమ్మమ్మ పేరు! శొంఠి కొమ్ము కూడా అచ్చం అమ్మమ్మలాగే కొంగున కట్టుకునేదంట!"

మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. "నువ్వే ఎప్పుడో చెప్పుంటావులే."

"నేనెందుకు చెప్తాను? మా మిషను ఊళ్ళలో ఇంటికొక సువార్తమ్మ ఉంటుంది. నిజం కాకపోతే ఈ పేరు తెల్లాయనకి ఎలా తెలుస్తుంది?"

"సరే తల్లీ, దేవుడే చెప్పుంటాడు. అన్నం పెట్టు."

దేవుడే చెప్పాడనుకున్నాను నిజంగానే. మా స్త్రీల కూడికలో ఆ కథ సాక్ష్యంగా చెప్పాను. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలని నేను, ఆ రోజు ఆగకుండా మాట్లాడాను. అప్పటినుంచి మా కూడికలో ఒక ఆనవాయితీ మొదలైంది. తలుపు పక్కన ఒక కుర్చీ విడిగా వేస్తాం. దాని పేరు సువార్తమ్మ కుర్చీ. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా అందులో కూర్చోవాలి, ముందు వాళ్ళకే వడ్డించాలి, ఆ రోజు వాళ్ళు ఏ పనీ ముట్టుకోకూడదు. టౌరంగా అనే ఊళ్ళో ఉద్యోగమని ఏజెంటు మాట నమ్మి వచ్చి, అక్కడ ఉద్యోగం లేక, సూట్‌కేసుతో మా హాల్లోకి వచ్చిన ఒక చెల్లెలు ఆ కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత మాకందరికీ ఆప్తురాలైంది.

సాక్ష్యం మళ్ళీ ఒకసారి ఆదివారం ఆరాధనలో చెప్పమన్నారు పాస్టరుగారు. మాస్టారిని పిలిచాను. కోటు, టై వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆయనకోసం సగం ఇంగ్లీషులో చెప్పాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన వంగి కాళ్ళ దగ్గర ఏదో సర్దుకుంటూనే ఉన్నారు. నడుము నొప్పేమో, కళ్ళు చెమర్చాయేమో అనుకున్నాను. తర్వాత బిర్యానీ తిని, పచ్చడి ఘాటుకు కళ్ళు తుడుచుకుని, "మీరు నాకంటే బాగా చెప్తారు సిస్టర్," అన్నారు.

ఇంకోసారి, వరండాలో ఉండగా, "సిస్టర్, ఆ సువార్త గురించి మీకొకటి..." అని ఆగారు. నేను ఆత్రంగా, "ఇంకేమైనా దొరికిందా మాస్టారూ? మా వాళ్ళంతా అడుగుతున్నారు," అన్నాను. ఆయన నా మొహం చూశారు. "లేదు. ఇంకేమీ దొరకలేదు. మీ మామిడికాయ పచ్చడి ఇంకా ఉందా?" అన్నారు. సీసా తెచ్చి ఇచ్చాను.

సమాధి కార్యక్రమంలో నన్ను కూడా రెండు మాటలు చెప్పమంది వాళ్ళ అమ్మాయి. ఏం చెప్తాను? సువార్తమ్మ కథే చెప్పాను. మాకు ఆమెను వెతికి ఇచ్చింది ఈయనే అని చెప్పాను. అయ్యాక హాల్లో టీ ఇచ్చారు. చేతిలో ప్లేటుతో నిలబడితే, కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. మాస్టారితో పాటు ఆయన స్కూల్లోనే చరిత్ర చెప్పిన ఆవిడ.

"చాలా బాగా మాట్లాడారు. అందుకే మీకు చెప్పకుండా వెళ్ళలేకపోతున్నాను," అంది. "మీరు అడిగిన వారం ఆయన నాకు ఫోన్ చేశారు. ఇద్దరం వెతికాం. మీవైపు నుంచి వచ్చిన ఒక్క ఆయా పేరు కూడా మాకు దొరకలేదు. ఓడ ప్రయాణికుల జాబితాల్లో వాళ్ళ పేర్లే రాసేవారు కాదు. దొరసాని పేరు రాసి, పక్కన ఆయా అని రాసేవారు."

"మరి సువార్త?"

"సిస్టర్ అంత ఆశగా అడిగారు, లేరని చెప్పడానికి నోరు రాలేదు అన్నారు. తర్వాత చెప్పేస్తానన్నారు. కలిసినప్పుడల్లా అడిగేదాన్ని, చెప్పారా అని."

"ఏమనేవారు?"

"వచ్చే గురువారం, అనేవారు."

నా ప్లేట్లో గుడ్డు శాండ్‌విచ్ ఉంది. పాపం తినేవాడు గుర్తొచ్చాడు. తినలేక అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను.

కారులో కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మేము మారిన మొదటి చలికాలం ఆయనకు జలుబు చేస్తే శొంఠి కాఫీ పట్టుకెళ్ళాను. మా అమ్మమ్మ సువార్తమ్మ దగ్గర నేర్చుకున్నానని, ఆమె కొంగున ఎప్పుడూ శొంఠి కొమ్ము ఉండేదని, వార్డులో పసిపిల్లలకు అరగదీసి నాకించేదని నేనే చెప్పాను. పేరు నేనే పలికించాను ఆయన చేత. మా అమ్మమ్మ కాకినాడ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. తను పనిచేసిన వార్డులోనే, తను ముద్దలు కలిపి పెట్టిన నర్సమ్మల చేతుల్లోనే కన్నుమూసింది. ఆమెను ఎవరూ ఎక్కడా వదిలిపెట్టలేదు. ఓడ ఎక్కించి, లండన్ తీసుకెళ్ళి, స్టేషన్‌లో రేకుపెట్టె మీద ఒంటరిగా కూర్చోబెట్టి వచ్చేసింది ఏ దొరసానీ కాదు, మా మాస్టారే.

దేవుని మందిరంలో నిలబడి నేను సాక్ష్యం చెప్పాను. అది నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. ఆ తర్వాతి కూడికలో కుర్చీలు వేయకముందే అందరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

ఒక ఆంటీ, "పోన్లేమ్మా, మంచికే చెప్పాడుగా పెద్దాయన. ప్రభువు ఉపమానాలు చెప్పలేదా?" అంది.

"ప్రభువు ఉపమానాన్ని ఉపమానమనే చెప్పాడు ఆంటీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

టౌరంగా నుంచి వచ్చిన చెల్లెలు లేచి నిలబడింది. "అక్కా, మరి ఆ రోజు నేను కూర్చున్నది ఎవరి కుర్చీలో?" అంది.

పేరు రాయని వాళ్ళందరిదీ అని ఇప్పుడైతే చెప్పగలను, అప్పుడు తోచలేదు. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. గోడవారన దొంతరలోంచి ఒక కుర్చీ లాగి, తలుపు పక్కన వేసి వచ్చింది. ఆ రోజు కొత్తవాళ్ళు ఎవరూ రాలేదు. ఆ కుర్చీని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు.

మాస్టారూ, లేరు అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. ఎన్ని గురువారాలు ఉన్నాయి మనకు! మీ కూతురికి చెప్పుకోలేను, మీకు చెప్పుకోలేను. క్షమిస్తున్నానని రోజూ నోటితో అంటున్నాను. మనసు ఇంకా నోటి వెనకే ఉంది. వస్తుంది, ప్రభువు తెస్తాడు.

ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే మాత్రం ఒకటే కనబడుతుంది. ముందు వరసలో కోటు, టై వేసుకుని మాస్టారు. నేను సువార్తమ్మ గురించి చెబుతున్నాను. ఆయన తలెత్తడం లేదు. నడుము వంచి, బిగుసుకుపోయిన ఆ వేళ్ళతో, నేను కొనుక్కోమన్న ఆ బూట్ల మీద, లేని లేసులు కట్టుకుంటున్నారు.