బలపాలు తినే పిల్లలకు ఖనిజాల పాఠం: నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ దాకా

సలోమి ఫోన్ చేసిందంటే నాకు ఏదో ఒక పని అంటగట్టబోతోందని అర్థం. బి.ఇడి.లో నా పక్క బెంచీలో కూర్చున్న రోజుల నుంచీ అంతే. ఇప్పుడామె ఆళ్లగడ్డకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతోంది. నేను కర్నూలులో ఉంటూ, ఏ బడి పిలిచినా వెళ్ళి తిండి గురించి పాఠాలు చెప్పి వస్తుంటాను. "మా తొమ్మిదో తరగతికి వచ్చి ఖనిజ లవణాల పాఠం చెప్పిపో సుజాతా. నేను చెప్తే పరీక్షలో బాగా రాస్తాండారు, తినేకాడ మాత్రం ఏమీ మారల్యా" అంది. ఆ తర్వాత అసలు విషయం చెప్పింది. దీవెన అని ఒక పిల్ల ఉంది. ఖో ఖోలో ఆ పిల్లను ముట్టుకోగలిగినవాళ్ళు చుట్టుపక్కల బడుల్లో ఎవరూ లేరు. అలాంటిది ఈ మధ్య కాస్త పరుగెత్తగానే కూర్చుండిపోతోంది. వ్యాయామం నేర్పే బాషా సార్ అది సోమరితనం అంటున్నాడు. వచ్చే వారం నంద్యాలలో పోటీలు. ఆ పిల్లను జట్టులోంచి తీసేసేలా ఉన్నాడు. "ఆట తప్ప ఇంకో లోకం తెల్దు ఆ పిల్లకు" అంది సలోమి. నేను సరేనన్నాను. నా పాఠం విన్న పిల్లలు మారకుండా ఉండటం చాలా అరుదు. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, నిజమే కదా.

కర్నూలులో అయిదున్నర బస్సెక్కితే ఎనిమిదిలోపు నంద్యాలలో దిగాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఇప్పుడు జీరో టికెట్టు, కాబట్టి ఎక్స్‌ప్రెస్ అయినా పల్లెవెలుగు అయినా ఏది ముందొస్తే అది ఎక్కేయండి. మగవాళ్ళు మాత్రం ఒక వంద, ఆపైన మరికొంత చిల్లర దగ్గర పెట్టుకోవాలి. బస్టాండు ఎదుట బండి దగ్గర బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నలభై రూపాయలు. బజ్జీ కారానికి చెవుల్లోంచి పొగలొచ్చాయి. అలాగని వదిలిపెట్టే రకాన్ని కాను.

అక్కడి నుంచి ఆటోలో కూరగాయల మార్కెట్టుకు వెళ్ళాను. నా పాఠానికి కావలసిన సామాను ఎక్కడ పాఠమో అక్కడే కొనాలన్నది నా నియమం. బడి గోడలకు తగిలించే పోషకాహారం చార్టుల మీద నాకు పాత కోపం ఉంది. ఐరన్ అని రాసి పక్కన ఎర్రటి యాపిల్ బొమ్మ వేస్తారు. యాపిల్లో ఉండే ఐరన్‌తో చీమకు కూడా రక్తం పట్టదు. ఒక కాయకు పెట్టే డబ్బుతో నంద్యాలలో చేతి నిండా తోటకూర కట్టలు వస్తాయి. తోటకూర, మునగాకు, నిమ్మకాయలు, నువ్వులు, రాగులు, కొర్రలు, శనగలు, గుమ్మడి గింజలు, కాసిన్ని ఎండు చేపలు కొన్నాను. అంతా కలిపి మూడు వందల లోపే అయింది. మునగాకు అమ్మే ఆమె డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడింది. "ఆకుకు దుడ్లేందక్కా, చెట్టుకు ఊరికే కాస్తాది" అంటూనే పది రూపాయలు తీసుకుంది.

తొమ్మిదింటికి ఆళ్లగడ్డ బస్సు దొరికింది. శిరివెళ్ల మీదుగా గంటకు పైగా ప్రయాణం. మగవాళ్ళకైతే యాభై, అరవై మధ్య టికెట్టు. దారి పొడవునా నల్లరేగడి, కోసిన వరి మడులు, అక్కడక్కడా అప్పుడే మొలిచిన శనగ. కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టర్ వచ్చి ముక్కు చిట్లించాడు.

"ఏందమ్మా, సంచిలో తోటనంతా పెట్టుకొని పోతాండావే?"

"బడి పిల్లలకు పాఠం చెప్పడానికి."

"పాఠానికి ఎండు చేపలెందుకు? బస్సంతా వాసన కొడ్తాంది."

"ఎముకల గట్టిదనం గురించి చెప్పడానికి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "నా మోకాళ్ళు నొస్తాండాయి. అయితే తినాల్నంటావా?" అన్నాడు. ముళ్ళతో సహా నమిలి తినమని చెప్పాను. ఆ తర్వాత వాసన గురించి మాట్లాడలేదు.

ఆళ్లగడ్డలో దిగి, శిల్పుల షెడ్ల ముందునుంచి ఉలుల చప్పుడు వింటూ షేర్ ఆటోలో బడికి వెళ్ళాను. ఇరవై రూపాయలు. ఇంకా కాస్త టైముంటే గేటుకు ఎదురుగా ఉన్న శెట్టిగారి అంగట్లో మంచినీళ్ళు అడిగాను. షాంపూ ప్యాకెట్ల పక్కన వరసగా బలపాల పెట్టెలు కనిపించాయి. ఆశ్చర్యమేసింది.

"ఇప్పుడు కూడా పలకల మీద రాస్తున్నారా ఇక్కడి పిల్లలు?"

"పలకలు యాడివమ్మా, అవి పోయి యేండ్లాయె" అన్నాడు శెట్టి.

"మరి ఇన్ని బలపాలు ఎవరు కొంటారు?"

"ఆడపిల్లోళ్ళు. కడుపుతో ఉండేటోళ్ళు గూడా కొంటారు. రాసేదానికి కాదు, తినేదానికి."

"తినేదానికని తెలిసే అమ్ముతున్నారా?"

"నేను అమ్మకపోతే గోడ గీక్కొని తింటారు. మన్ను కన్నా ఇది శుభ్రం కదా?"

నాకు ఒళ్ళు మండింది. చెడామడా నాలుగు మాటలు అనేదాన్నే. కానీ అప్పటికే నా తల వేరే లెక్కలో పడింది. ఒంట్లో ఐరన్ తగ్గినవాళ్ళకు మట్టి మీద, బలపాల మీద, పచ్చి బియ్యం మీద నాలుక పీకుతుంది. అంటే ఆ పెట్టెలన్నీ ఖాళీ అవుతున్నాయంటే ఈ బడిలో రక్తం లేని పిల్లలు చాలామందే ఉన్నారు. పది రూపాయలిచ్చి ఒక ప్యాకెట్ తీసుకున్నాను. శెట్టి నా మొహంలోకి జాలిగా చూసి, "నీకూ ఉందా తల్లీ ఈ అలవాటు?" అన్నాడు.

తొమ్మిదో తరగతి గదిలో సలోమి అన్నీ సిద్ధం చేసి ఉంచింది. వెనక బెంచీలో బాషా సార్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు, సలోమి బలవంతం మీద వచ్చినట్టు మొహం చెబుతూనే ఉంది. వారానికోసారి ఐరన్ మాత్రలు ఇచ్చే ఆరోగ్య కార్యకర్త ఆ రోజు బడికి వస్తుందని చూసుకునే సలోమి నన్ను పిలిచింది. ఆమె వేలి మీద సూది గుచ్చి రక్తం చూసే చిన్న మిషన్‌తో వరండాలో కూర్చుంది. మూడో బెంచీలో బక్కపలచగా, పొడుగ్గా, రెండు జడలు రిబ్బన్లతో పైకి మడిచి కట్టుకున్న పిల్ల దీవెన అని సలోమి కళ్ళతోనే చూపించింది.

"ఐరన్ దేంట్లో ఉంటుంది?" అని అడిగాను.

"యాపిల్!" అని గది దద్దరిల్లింది.

"ఈ నెలలో యాపిల్ తిన్నవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నా సంచి బల్ల మీద గుమ్మరించి మొదలుపెట్టాను. రాగులు, నువ్వులు, ఎండు చేపలు క్యాల్షియం కుప్ప. తోటకూర, మునగాకు, శనగలు ఐరన్ కుప్ప. గుమ్మడి గింజలు జింకు. ఉప్పు ప్యాకెట్ విప్పి అలాగే వదిలేస్తే అయోడిన్ పోతుందని, మూత పెట్టమని చెప్పాను. మేకపోతు కార్జం, నల్ల కూడా ఐరనే అంటే ముందు బెంచీలో కిసుక్కుమన్నారు. నల్ల అంటే కోసిన జీవాల రక్తం గడ్డ, వేపుడు చేసుకుంటారు. కొందరి ఇళ్ళలో ఆదివారం కూర, కొందరి ఇళ్ళలో ఆ మాటే ఎత్తకూడదు. "నవ్వేదేం లేదు. అది తినేవాళ్ళు అది తినండి, తిననివాళ్ళు శనగలు నానబెట్టి నిమ్మకాయ పిండుకుని తినండి. రెంటికీ నా దగ్గర మార్కులు సమానమే" అన్నాను. మధ్య బెంచీల్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు నిటారుగా కూర్చున్నారు.

"నిన్న రాత్రి ఏం తిన్నావు?" అని దీవెనను లేపాను.

"జొన్నరొట్టె, బుడ్డల ఊరిబిండి, మేడం."

"రొట్టెలోకి వేరుశనగ పచ్చడి, మంచి తిండే. తర్వాత?"

"టీ."

"పొద్దున?"

"బొరుగులు. టీ."

తిన్న వెంటనే తాగే టీ, తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని, తిన్నాక గంటైనా ఆగమని చెప్పాను. అంతవరకూ అందరూ హుషారుగానే రాసుకున్నారు. అప్పుడు బలపాల ప్యాకెట్ తీసి ఐరన్ కుప్ప పక్కన పెట్టాను. మగపిల్లలు ఆడపిల్లల వైపు చూశారు. ఆడపిల్లలు బల్లల వైపు చూశారు.

"ఇవి తినడం దొంగతనం కాదు, పిచ్చి కాదు" అన్నాను. "ఐరన్ తక్కువై ఒళ్ళు అడుగుతుంది. పాపం, దానికి ఏమడగాలో తెలియక ఇది అడుగుతుంది. ఇందులో మాత్రం ఐరన్ లేదు."

ఎవరినీ చెయ్యెత్తమనలేదు. ఎవరూ ఎత్తరని నాకు తెలుసు. తర్వాతి మాటకు వెళ్ళబోతుండగా దీవెన తనంతట తనే లేచి నిలబడింది. వెనక బాషా సార్ ఉన్నాడని ఆ పిల్లకు బాగా తెలుసు.

"తినేది మానేస్తే దమ్మొస్తాదా మేడం?"

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల ఏం ఒప్పుకుందో అందరికీ అర్థమైంది. "మానేస్తే చాలదమ్మా. రక్తం పట్టాలి. మాత్రలు వేసుకోవాలి, ఈ కుప్పలో ఉన్నవి తినాలి" అన్నాను.

"ఎన్ని దినాలు పడ్తాది?"

వచ్చే వారం ఆట. నా నోట్లో అబద్ధం సిద్ధంగానే ఉంది, త్వరలోనే అనేస్తే సరిపోయేది. కానీ ఆ పిల్ల అంత ధైర్యంగా అడిగాక అలా చెప్పడానికి నోరు రాలేదు. "రెండు మూడు నెలలు" అన్నాను. దీవెన కూర్చుంది.

వరండాలో మొదటి సూది ఆ పిల్లకే. మిషన్‌లో ఎనిమిది అని వచ్చింది. ఈ వయసుకు పన్నెండుండాలి. ఆరోగ్య కార్యకర్త చీటీ రాసి, రేపే అమ్మను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి రమ్మంది. బాషా సార్ మిషన్ మీదికి వంగి ఆ అంకె చూశాడు.

"ఇంత తక్కువ రక్తంతోనా ఇన్ని దినాలు పరిగెత్తింది?" అన్నాడు. తర్వాత దీవెన వైపు తిరిగి, "అందరి ముందర సోంబేరి అని తిట్టినా. నాదే తప్పమ్మా" అన్నాడు. "ఈ తూరి మాత్రం నిన్ను ఆడించను. పడిపోతావ్."

"ఆడతా సార్. ఒక్క ఆట."

"వద్దు."

ఆ పిల్ల స్తంభానికి మొహం ఆనించి ఏడ్చింది. నాకు చాలా బాధేసింది. సోమరి అనే పేరు పోగొట్టడానికి వచ్చాను, పోగొట్టాను, కానీ దాంతోపాటు ఆ పిల్ల ఆట కూడా పోయింది. ఎంత గట్టిగా ఆలోచించినా నేను చేసింది తప్పని మాత్రం అనిపించలేదు. సలోమి నా భుజం మీద చెయ్యి వేసింది.

వరసలో తర్వాత నిలబడ్డది జట్టులోని పిల్లే. సూది చూడగానే చేతులు వెనక్కి దాచుకుంది. తనకూ తక్కువ చూపిస్తే తననూ తీసేస్తారన్న భయం సూది భయం కన్నా పెద్దదిగా ఉంది ఆ కళ్ళలో. బాషా సార్ కూడా కంగారుపడ్డాడు. "అందరికీ గుచ్చితే నాకు జట్టు మిగలదు మేడం" అని నా చెవిలో గొణిగాడు. అప్పుడు దీవెన ఓణీతో మొహం తుడుచుకుని వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"ఇయ్యి చెయ్యి. ఏం కాదు, చీమ కుట్టినట్ల ఉంటాది. నేను టెంతులో ఆడతా. అప్పుడు నువ్వు గూడా ఉండాల."

ఆ పిల్ల వేలు చాచింది. వెనకే మిగతావాళ్ళూ వచ్చారు. ఇద్దరికి తక్కువ చూపించింది, మిగతావాళ్ళు ఆడవచ్చంది ఆరోగ్య కార్యకర్త. బాషా సార్ ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. మధ్యాహ్నం పిల్లలతోపాటే నేలమీద కూర్చుని అన్నం, పప్పు, గుడ్డు తిన్నాను. మూడింటి బస్సుకు నంద్యాల, అక్కడి నుంచి రాత్రి ఎనిమిదికల్లా కర్నూలు.

వారం తర్వాత సలోమి ఫోన్ చేసింది. నంద్యాలలో వాళ్ళ జట్టు రెండో ఆటకే ఓడిపోయింది. దీవెన ఆడి ఉంటే గెలిచేవారేమో, నాకైతే గెలిచేవారనే అనిపిస్తుంది. బాషా సార్ ఆ పిల్లను కూడా బస్సులో తీసుకెళ్ళి గీత పక్కన కూర్చోబెట్టాడట. భోజనం కాగానే ఎవరో టీ కప్పులు పంచబోతే దీవెన అడ్డం పడి వెనక్కి పంపేసిందట, బాషా సార్ కప్పుతో సహా. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా వేసుకుంటోంది. పాఠం ఎప్పుడూ ఊరికే పోదు, కాకపోతే అది ఏ రోజు ఎవరిని ఏం వదులుకోమని అడుగుతుందో చెప్పేవాళ్ళకు ముందే తెలియదు. మీరూ ఇలాంటి పాఠం చెప్పడానికి ఏ బడికైనా బయలుదేరుతుంటే ఒక్క సలహా: ఆరోగ్య కార్యకర్త రక్త పరీక్ష మిషన్‌తో అక్కడ ఉండే రోజే చూసుకుని వెళ్ళండి. పిల్ల నోరు తెరిచి చెప్పిన రోజే వేలు పట్టుకుని చూసేవాళ్ళుండాలి. మర్నాడు అడిగితే ఆ పిల్ల ఏమీ లేదంటుంది.