పెదనాయన పిలుపూ, మా ఆయన పెట్టిన టిక్కూ

మొన్న పొద్దున మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు వాళ్లతో మాట్లాడబోతూ, నా గొంతు వినిపిస్తోందా, హలో, వినిపిస్తోందా అని అడిగిందే అడుగుతూ ఉంటే, వంటింట్లో ఊరుబిండి నూరుతున్న నా చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని పోయి చూస్తే, ఏముంది, ఎప్పుడో తీసేసిన ఇయర్‌ఫోన్ల పేరే తెర మీద మైకు దగ్గర ఇంకా ఉండిపోయింది. దాన్ని మార్పించగానే అవతలి వాళ్లకు వినిపించింది. నీకివన్నీ ఎప్పటినుంచి తెలుసమ్మా అని అది నోరు తెరిచింది. పిచ్చి పిల్ల, అది పలక మీద అ ఆలు దిద్దే నాటికే నేను కంప్యూటరు వీపు వెనక దూరి వైర్లు పీకి పెట్టినదాన్ని. అది నవ్వుకుంటూ మీటింగులో పడిపోయింది గానీ నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు, ఎందుకంటే వినిపించిందా వినిపించిందా అని అడుగుతూనే గొంతు పోగొట్టుకున్న ఒక మనిషి గుర్తుకొచ్చాడు.

అప్పట్లో కంబదూరు బస్టాండు పక్కన మాకొక అంగడి ఉండేది, సగం మా ఆయనది, సగం నాది. ఆయన సగంలో పెళ్లిళ్లకూ జాతరలకూ బాడుగకిచ్చే మైకుసెట్టు, గొట్టం స్పీకర్లు, బ్యాటరీలు. నా సగంలో ఒక కంప్యూటరు, దాని మీద పెళ్లిపత్రికలు కొట్టడమూ, ఆటోలకు కట్టి ఊరూరా తిప్పే ప్రకటనలు నా గొంతుతో రికార్డు చేయడమూ. మన ఈడు వాళ్లకు ఆ కంప్యూటర్లు గుర్తుండే ఉంటాయి. వెనక గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మూడు బెజ్జాలు, మైకుకొకటి, టేపురికార్డరు లాంటివాటికొకటి, స్పీకర్లకొకటి. ఒకటి పెట్టవలసిన చోట ఇంకొకటి పెడితే గుయ్యిమనే మోత తప్ప ఏమీ రాదు. సరైన బెజ్జంలో పెట్టినా తెర మీద దాని పేరు పక్కన టిక్కు ఉండాలి, లేదంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వైర్ల సంగతి మా ఆయనకు కొట్టిన పిండి గానీ, టిక్కుల సంగతి పెళ్లాన్ని అడగాలంటే మాత్రం మగమహారాజుకు నామోషీ.

పెదనాయన అంటే మా సొంత పెదనాయన కాదు, మా నాయనతో కలిసి పెరిగిన గొర్రెల కాపరి. వేరుశనగ పీకేసిన చేలల్లో మంద కట్టుకుంటూ, వానలు మొహం చాటేసిన ఏడు మేత కోసం ఎంత దూరమైనా నడిచిపోయేవాడు. ఎంత దూరం పోయినా ఆయన మంద చెదిరింది లేదు, దానికి కారణం ఆయన పిలుపు. ఊ... అని కొండకు తగిలేలా సాగదీసి చివర నాలుకతో డ్రుర్రుమని విరిచేవాడు. ఆ విరుపు వినగానే ఎక్కడెక్కడి గొర్రెలూ నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా ఆయన దగ్గరికి వచ్చేసేవి. వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉండేది: మందను పిలిచే గొంతు ఒకటే ఉండాలి, సరదాకైనా ఇంకొకరి నోట ఆ పిలుపు రాకూడదు, వస్తే మందకు దిక్కు తప్పుతుందని. అందుకే పెళ్లయిన నాటినుంచి ఆయనతో ఎండలో నడిచిన పెద్దమ్మకు కూడా ఆ పిలుపు రాదు. చిన్నప్పుడు నేనొకసారి వెక్కిరింపుగా అనబోతే పెద్దమ్మ నా నోటి మీద కొట్టినంత పని చేసింది.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. గొంతుపెట్టె తీసేస్తే గానీ ప్రాణం దక్కదని బెంగుళూరు డాక్టర్లు చెప్పారు, తీసేస్తే ఇక మాట రాదనీ చెప్పారు. ప్రాణం గురించి ఆయన బెంగపెట్టుకోలేదు గానీ మంద గురించి పెట్టుకున్నాడు. ఆయన జబ్బున పడ్డాక పెద్దమ్మ తోలుకుపోతూ ఉంటే గొర్రెలు తలో దిక్కూ పోవడం మొదలుపెట్టాయి, ఒక ఈనిన గొర్రెను తోడేలు కూడా ఎత్తుకుపోయింది. సంతలో అమ్మేసి నిమ్మళంగా ఉండమని అందరూ అన్నారు. ఒక్కొక్కదానికీ పేరు పెట్టి పెంచుకున్న మందను ఎట్లా అమ్ముతారు? అప్పుడు మా ఆయనే ఉపాయం చెప్పాడు. "క్యాసెట్టయితే బూజు పడతాది మామా, కంప్యూటర్లో పెడితే దానికి సావు లేదు. నీ గొంతు ఆడ పెట్టిపో, అత్త గొట్టంలో ఇనిపిస్తాది." అది ఆయన గొంతే గనక కట్టుబాటూ తప్పినట్టు కాదని అందరం సమాధానపడ్డాం. రేపు బెంగుళూరుకు పోవాలనగా పెదనాయనా పెద్దమ్మా అంగడికి వచ్చారు.

షట్టరు సగం దించి, ఫ్యాను ఆపి, మైకు ఆయన ముందు పెట్టాను. కూర్చుని పిలవడం ఆయనకు చేతకాలేదు. లేచి, కంబళి భుజాన వేసుకుని, కళ్లు మూసుకుని పిలిచాడు, మా అంగడి గోడలు అదిరాయి. వెనక్కి తిప్పి వేస్తే స్పీకర్లలో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. "ఇనపడిందా పాపా?" అన్నాడు. లేదు పెదనాయనా అన్నాను. బెజ్జం మార్చాను, మళ్లీ పిలిచాడు, లేదు. మైకు మార్చాను, వైరు మార్చాను, మా ఆయన యాంప్లిఫయరు తెచ్చి దాని గుండా నీలం బెజ్జంలోకి పంపించి చూశాడు. తెర మీద ఆకుపచ్చ గీత వణుకుతూనే ఉంది గానీ, ఎవరూ నోరు విప్పకపోయినా కరెంటు మోతకే వణికే గీత అది, దాన్నెవరు నమ్ముతారు? ఆయన పిలవడం, ఇనపడిందా అని అడగడం, నేను తల అడ్డంగా ఊపడం, ఇదే పని. మధ్యలో నీళ్లు తాగాడు, కలకండ చప్పరించాడు. గొంతు బొంగురుపోయింది, చీలింది, చివరికి నాలుక ఆడుతోంది గానీ ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. పెద్దమ్మ లేచి ఆయన చెయ్యి పట్టుకుని, "సాల్లే, పా పోదాం, దీనికి నీ గొంతు అక్కర్లేదంట" అంది.

అప్పుడు దొరికింది అసలు సంగతి. శబ్దం లోపలికి పోవడం లేదనుకుని పొద్దుటినుంచీ వెతుకుతున్నాం గానీ, పోయింది బయటికి రావడం లేదు. శబ్దం ఎక్కువ తక్కువలు చేసుకునే చోట, అడుగున, డిజిటల్ అవుట్‌పుట్ మాత్రమే అన్న మాట పక్కన టిక్కు ఉంది. అంటే శబ్దమంతా వెనకనున్న వేరే బెజ్జం గుండా, దేనికీ తగిలించని బెజ్జం గుండా పోతోందన్నమాట, మా స్పీకర్లకు చుక్క కూడా రాకుండా. ఆ టిక్కు పెట్టిన ఘనుడు మా ఆయన. టీవీ కొన్నా కెమెరా కొన్నా ఆఖరికి కాటా కొన్నా డిజిటల్ అని రాసుంటే మేలురకమని లెక్కేసుకునే రోజులు గదా, పెదనాయన గొంతు ఇంకా మేలుగా రావాలని ముందురోజే నాతో మాటైనా అనకుండా పెట్టాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, కంప్యూటరు ఆ పిలుపులన్నిటినీ పట్టుకుని దాచుకునే ఉంది.

టిక్కు తీసేసి మళ్లీ వినిపిస్తే మొదటి పిలుపు అంగడంతా నిండిపోయింది. తరువాత రెండోది, ఆ తరువాతది. ఆపుదామంటే నాకు చెయ్యి ఆడలేదు. కొండంత గొంతుతో మొదలై, మధ్యలో ఆయన దగ్గూ పెద్దమ్మ గాజుల చప్పుడూ కలుపుకుంటూ, ఒక్కొక్కదానికీ కాస్త కాస్త అరిగి, చివరకు ఉత్త ఊపిరి అయ్యేవరకూ అన్నీ వచ్చాయి. ఒక గొంతు చచ్చిపోవడాన్ని, ఆ గొంతు మనిషిని ఎదురుగా పెట్టుకుని విన్నాం. మా ఆయన్ను కడిగేద్దామని తిరిగి చూస్తే గోడకు మొహం పెట్టుకుని ఏడుస్తున్నాడు. పెదనాయన మొదటిది ఉంచమన్నట్టు ఒక వేలు చూపించాడు. మర్నాడు బస్సెక్కే దాకా ఆయనకు గొంతు తిరిగి రాలేదు, ఆపరేషను అయ్యాక ఇక వచ్చే ప్రశ్నే లేదు.

కుట్లు మానాక ఒక రోజు, ఆ మొదటి పిలుపును నేను సీడీకి ఎక్కించి ఇస్తే, మా ఆయన గొట్టం స్పీకరూ బ్యాటరీ సీడీ ప్లేయరూ సైకిలుకు కట్టుకుని ఊరి బయట మిట్ట మీదికి తెచ్చాడు. మంద దూరంగా బీడు నేలలో చెల్లాచెదురుగా మేస్తోంది, దాని మధ్యనే పెదనాయన మెడకు గుడ్డ చుట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ మీట నొక్కింది. ఊ... అని సాగి డ్రుర్రుమనగానే మంద మొత్తం తల ఎత్తింది, ఎత్తిన తలలన్నీ గొట్టం వైపే. అలవాటు కొద్దీ పెదనాయన చెయ్యి పైకి లేపాడు. ఒక్కటంటే ఒక్కటి ఆయన వైపు చూడలేదు, ఆయన పంచె రాసుకుంటూ అన్నీ మా వైపు పరుగెత్తుకొచ్చాయి. మా ఆయన సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాడు. అంతలో చూద్దుము గదా, ఆ దుమ్ములో మంద వెనకాలే పెదనాయన కూడా వస్తున్నాడు. వచ్చి గొర్రెల నడుమ నిలబడి, వాటిలాగే మెడ కాస్త పక్కకు వంచి గొట్టంలోకి చూశాడు. పిలుపు అయిపోయినా గొర్రెలూ కదల్లేదు, ఆయనా కదల్లేదు. 

కొద్ది రోజులకే పెద్దమ్మ గొట్టమూ బ్యాటరీ అన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టేసింది. పనిచేయలేదా పెద్దమ్మా అంటే, "ఎందుకు పనిజెయ్యదు పాపా, గొర్లు వస్తాండాయి. ఆయప్ప గూడా వస్తాండాడు, దినామూ వాటెనకాలే వచ్చి నిలబడతాండాడు. నేను సూడలేను తల్లీ, అమ్మేస్తాండాం" అంది. అన్నట్టే మందను అమ్మేశారు.

ఇప్పుడు ఆ మిట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, మందలు మినీ లారీల్లో పోతున్నాయి, కాపరుల మెడల్లో ఫోన్లు పాడుతున్నాయి. గొంతు దాచుకోవడం ఎంత సులువైపోయిందంటే, బెజ్జాలూ లేవు, టిక్కులూ లేవు, బొటనవేలు ఆనిస్తే చాలు. పోయినవాళ్ల మాటలు పెద్దదినం నాడు పెట్టి, వచ్చినవాళ్లందరికీ వినిపించి, అందరూ కాసేపు కళ్లొత్తుకుని, తరువాత భోజనాలకు లేస్తున్నారు. గొంతంటే మన కాలం వాళ్లకు అట్లా ఉండేది కాదు, ఒక భయమూ ఒక భక్తీ ఉండేవి. పెదనాయన పోయిన రోజు, ఆయన్ను ఇంకా వాకిట్లో పడుకోబెట్టే ఉండగా, ఆ పిలుపు ఒక్కసారి వేద్దామా అత్తా అని మా ఆయన మెల్లగా అడిగితే పెద్దమ్మ ఉలిక్కిపడి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దప్పా, వద్దు. లేసి వచ్చేస్తాడు."